మఖలో అడిగిన ఒక తడి

ఆ యేడు హంపన్నకు ముద్ద గొంతు దిగలేదు. పుస్తకం తప్పలేదు, పంట తప్పింది. రెండూ ఒకే యేడు ఎట్లా జరిగాయో అతనికి అంతుపట్టలేదు.

అతను సిద్దవ్వ శిష్యుడు. రాయలసీమలో, కన్నడ సరిహద్దుకు దగ్గరగా, ఒక ఎర్రగరుసు మిట్ట మీద సిద్దవ్వ మఠం ఉండేది. మఠమంటే పెద్ద కట్టడమేమీ కాదు. నాలుగు బండరాతి గదులు, రెండు ఆవులు, ఒక బావి. సిద్దవ్వకు డెబ్బై దాటాయి. రైతు ఇంట పుట్టిన మనిషి. ఉపదేశాలు చెప్పేది కాదు. ఎవరైనా వచ్చి తత్వం అడిగితే, "ముందు ఆ రాగులు విసురు నాయనా" అనేది. విసరడం అయ్యేసరికి కొందరు అడగాల్సింది మరిచిపోయేవాళ్ళు. కొందరు అడగకుండానే లేచి దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

హంపన్న వచ్చి పన్నెండేళ్ళయింది. వచ్చిన యేడే మఠం ముంగిట్లో నిలువు గోడల ఇత్తడి గిన్నె ఒకటి పెట్టాడు. వాన వెలిసిన ప్రతిసారీ గాట్లు పెట్టిన పుల్ల అందులో ముంచి, ఎన్ని అంగుళాలు పడిందో ఒక పొడుగాటి పుస్తకంలో కార్తె వారీగా రాసుకునేవాడు. మొదట్లో ఊరివాళ్ళు నవ్వారు. సామికి వేరే పని లేదన్నారు.

నాలుగో యేట మృగశిరలో మంచి వాన పడింది. అందరూ గొర్రులు కడుతుంటే హంపన్న పుస్తకం పట్టుకుని ఊళ్ళోకి దిగి, "ఇప్పుడు విత్తొద్దు, దీని వెనక పదిహేను దినాలు వాన ఉండదు" అన్నాడు. విన్నవాళ్ళు బతికారు. విననివాళ్ళు మొలక మాడి రెండోసారి విత్తుకున్నారు. ఆనాటి నుంచి అతని మాట చూసుకునే ఊరు వేరుశనగ విత్తేది. "హంపన్న సామి ఊ అనాల" అనేవాళ్ళు.

ఆ మాట విన్నప్పుడల్లా హంపన్న తల వంచుకునేవాడు. వంచుకున్నాక లోపల కొంచెం ఎత్తుకునేవాడు.

సిద్దవ్వ ఒకసారి ఆ పుస్తకం తిరగేసి చూసింది. "బాగా రాసినావు" అంది. 

ఆ యేడు పునర్వసులో పదును వాన పడింది. హంపన్న ఊ అన్నాడు. ముప్పై ఇళ్ళవాళ్ళు విత్తారు. మొలక సాలు తప్పకుండా వచ్చింది. ఆశ్లేషలో చేలన్నీ పచ్చగా, పసుపు పూలతో నిండుగా ఉన్నాయి. చూసినవాళ్ళు దిష్టి తగులుతుందని చూపు తిప్పుకున్నారు.

తర్వాత వరుపు పట్టింది, వానలు నిలిచిపోయాయి.

మఖ వచ్చింది. చుక్క లేదు. వాన లేకపోవడం సీమకు కొత్త కాదు. కానీ ఆ ఎండ వేరు. శ్రావణమాసంలో రోహిణి కార్తె ఎండ కాసింది. కడిగిన పళ్ళెం మాదిరి ఆకాశం, పడమటి నుంచి వేడి గాలి. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా చేలో అడుగు పెట్టలేకపోయేవాళ్ళు.

వేరుశనగ పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పువ్వు వాడాక దాని మొదట్లోంచి సూది లాంటి ఊడ ఒకటి పుట్టి, వంగి, నేలలోకి దిగాలి. దిగితేనే కాయ. నేల మెత్తగా ఉంటే దిగుతుంది. గట్టిపడి కాలుతూ ఉంటే దాని కొస గాలిలోనే ఎండిపోతుంది.

అప్పటికి సిద్దవ్వ మఠంలో లేదు. పాత శిష్యురాలొకామె మంచాన పడితే చూడటానికి వేరే ఊరు పోయి, రెండు నెలలదాకా అక్కడే ఉండిపోయింది. ఆవులు, బావి, వచ్చేపోయేవాళ్ళు అన్నీ హంపన్న చేతిలో పెట్టి వెళ్ళింది.

ఒకరోజు పొద్దున సుంకమ్మ మిట్ట ఎక్కి వచ్చింది. మఠం గోడకు ఆనుకొని దిగువన ఆమె చేను, మూడెకరాలు. మొగుడు బండయ్య, అత్త తిప్పమ్మ, తను. ముగ్గురికీ అదే ఆధారం.

"సామీ, మఠం బావిలో నీళ్ళుండాయి కదా. నా చేనికి ఒక్క తడి పెట్టుకుంటా. ఒక్కటంటే ఒక్కటి."

హంపన్న పుస్తకం తెరిచాడు. "సుంకమ్మా, పన్నెండేళ్ళలో మఖా పుబ్బలు రెండూ ఎండిన యేడు లేదు. ఇంకా ఆరేడు అంగుళాలు పడాల్సి ఉంది. నాలుగు దినాలు ఓపిక పట్టు."

"పడొచ్చు సామీ. అంతవరకు ఊడ నిలబడాల కదా. నేల పెనం మాదిరి కాలుతాంది. కొసలు నల్లబడతాండాయి."

"మూడేండ్ల కింద మఖంతా వరుపే. పండలేదా?"

"ఆ యేడు మబ్బుండె సామీ. వాన లేకున్నా చల్లగా ఉండె. చెట్టు ఓర్చుకునె. ఇప్పుడు వరుపూ ఉంది, ఎండా ఉంది. రెండూ కలిసి చంపుతాండాయి."

హంపన్న పుస్తకంలో చూశాడు. మూడేండ్ల కింద మఖ పక్కన సున్నా ఉంది. మబ్బు గురించి ఏమీ లేదు.

"బావి నీళ్ళు ఆవులకు, ఏటేటా మఠం ఆరాధనకు వచ్చే జనానికి" అన్నాడు. "నీకు ఇస్తే రేపు ముప్పై మంది వస్తారు. ఎవరికని ఇచ్చేది?"

అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతి అదీ కాదు. తనే ఊ అని విత్తించిన చేనికి తనే బావి నీళ్ళు పెట్టిస్తే, వాన రాదని తనే ఒప్పుకున్నట్టు. ముప్పై ఇళ్ళవాళ్ళు చూస్తారు. ఆ సంగతి హంపన్న మనసులో ఒక మూల మెదిలింది. అతను ఆ మూలకు పోలేదు.

 "మఖా పుబ్బలు వరుపైతే మీ అన్న సేద్యం, నా సేద్యం మన్నే అంటారు సామీ" అంది సుంకమ్మ. దిగి వెళ్ళిపోయింది.

పుబ్బలోనూ చుక్క పడలేదు. ఉత్తర కార్తె మూడో దినం ఆకాశం తెగింది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు కురిసింది. హంపన్న గిన్నె నిండకముందే కొలిచి వంపి, మళ్ళీ పెట్టి, మళ్ళీ కొలిచాడు. ఏడు అంగుళాలు. మొత్తం కూడితే పద్నాలుగుకు కొంచెం పైన. తడిసిన బట్టలతోనే కూర్చుని రాశాడు. ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు.

చేలు మళ్ళీ పచ్చబడ్డాయి. చెట్లు ఏపుగా పెరిగి మళ్ళీ పూశాయి. కానీ పూసిన పూలు కాయలయ్యే కాలం దాటిపోయింది. చిత్తలో పీకితే చెట్టుకు రెండు, మూడు కాయలు. ఒలిస్తే సగం లొట్టలు.

ఊళ్ళో ఎవరూ హంపన్నను ఒక మాట అనలేదు. అతను ఎదురైతే మాట్లాడటం ఆపేవాళ్ళు, దాటిపోయాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. బండయ్య మొదటి రెండు సాళ్ళు పీకి చూసి, ఇంటికిపోయి బట్టలు మూటగట్టుకుని, దూరాన ఇటుకబట్టీల పనికి వెళ్ళిపోయాడు.

అప్పటికి సిద్దవ్వ తిరిగి వచ్చింది. వచ్చిన మరునాడు హంపన్న పుస్తకం తీసుకుని ఆమె ముందు కూర్చున్నాడు.

"అవ్వా, ఆరేండ్ల కింద పద్నాలుగు అంగుళాలు పడింది. ఊళ్ళో గాదెలు చాల్లేదు. ఈ యేడూ పద్నాలుగే. ఒక పిసరు ఎక్కువే. చేట నిండలేదు. ఎందుకు?"

సిద్దవ్వ రాగులు ఏరుతూ ఉంది. "ఎండ ఎంత కొలిచినావు?"

"ఎండను కొలిచేదేముంది అవ్వా? ఎండ మనకు కొత్తా?"

"నువ్వు ఎండ ఓర్చుకుంటావా?"

"ఈ మఠం గోడ నడివేసవిలో కట్టినాను కదా."

"పస్తు?"

"శివరాత్రికి రెండు దినాలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. నీకు తెలుసు."

సిద్దవ్వ తల ఊపింది. "పూటకు ఎన్ని ముద్దలు తింటావు?"

"రెండు."

"రెండు దినాలకు ఎనిమిది. అందులో ఒకటి కూడా తగ్గనియ్యను. పోయి సుంకమ్మ చేను పీకిపో. మొగుడు లేడు, అత్తాకోడళ్ళే చేసుకుంటాండారు."

సుంకమ్మ చేను అనేసరికి హంపన్న పుస్తకం మూశాడు. అవ్వకు తెలుసేమోనని ముఖం చూశాడు. ఆమె రాళ్ళు ఏరుతూనే ఉంది. తెలియదు. అతను చెప్పలేదు.

వానాకాలం చివర కాసే ఎండ ఎట్లా ఉంటుందో సీమవాళ్ళకు తెలుసు. గాలి ఆడదు, నేల ఆవిరి కక్కుతుంది. ఆ ఎండలో హంపన్న సాలు పట్టాడు.  పక్క సాలు సుంకమ్మ పట్టింది, దాని పక్కది తిప్పమ్మ.

మధ్యాహ్నమైంది. మఠం నుంచి సంగటి రాలేదు. గట్టు మీద గోనెపట్టా నీడన అత్తాకోడళ్ళు మూట విప్పారు. తిప్పమ్మ ఒక ముద్ద విరిచి చూపించి, "రా సామీ" అని పిలిచింది. అవ్వ పంపందే తినకూడదనుకుని హంపన్న వద్దన్నాడు. పొద్దు గుంకాక మఠానికి పోతే అవ్వ ఒక ముంత నీళ్ళు ఇచ్చి పడుకోమంది. ఇది పరీక్ష అని అతనికి అర్థమైంది. ఇలాంటివి చాలా చూశానని అనుకున్నాడు. నిద్ర బాగానే పట్టింది.

రెండో దినం పొద్దున మళ్ళీ ఒక ముంత నీళ్ళు. చేనుకు పోయాడు. పొద్దెక్కేదాకా బాగానే ఉంది. తర్వాత చేతులు తనవి కానట్టు అనిపించాయి. చెమట ఆగిపోయింది. పళ్ళకు పెదవులు అతుక్కున్నాయి. శివరాత్రి పస్తు గుర్తు చేసుకున్నాడు. అది చల్లని బండ మీద కూర్చుని చేసింది. గోడ కట్టిన వేసవి గుర్తు చేసుకున్నాడు. అప్పుడు పూటకు రెండు ముద్దలు, పక్కన కుండలో నీళ్ళు.

గట్టు దగ్గరి సాలుకు వచ్చాడు. చెట్టు పట్టి లాగితే రాలేదు. రెండు చేతులతో లాగాడు. వచ్చింది. వేళ్ళ నిండా కాయలు, గుత్తులు గుత్తులుగా, మట్టితో సహా బరువుగా వచ్చింది. పక్క చెట్టూ అంతే. దాని పక్కదీ అంతే.

"ఇవి ఇట్ల కాసినాయే?" అన్నాడు.

తిప్పమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ రెండు సాళ్ళకు మఖలో నా కోడలు బిందెలతో నీళ్ళు మోసింది సామీ. ఊరి బోరింగు కాడి నుంచి. మూడు దినాలు మోసి నడుము పట్టేసింది. దాంతో రెండు సాళ్ళకే నిలిపేసె."

హంపన్న ఆ చెట్టు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మెడ తిప్పి చూస్తే మఠం గోడ కనిపించింది. గోడ అవతల బావి. ఇక్కణ్ణుంచి నూరు బారలు కూడా లేదు. కళ్ళు బైర్లు కమ్మాయి. మోకాళ్ళ మీదికి కూలాడు, తర్వాత పక్కకు ఒరిగాడు.

మొదట తెలిసింది నీళ్ళు. ఎవరో తల ఒళ్ళో పెట్టుకుని, కొంగు తడిపి పెదవులు తుడుస్తున్నారు. "ఒక్కసారిగా వద్దు సామీ. గుక్కా గుక్కా" అంటోంది సుంకమ్మ. తన కుండలో నీళ్ళు. అడగకుండానే పోస్తోంది. కొంచెం తాగాక మెడకు, చెవుల వెనక, చెయ్యి తడిపి రాసింది. తిప్పమ్మ గోనెపట్టా తెచ్చి ఎండ తగలకుండా పట్టుకుంది.

అంతలో సిద్దవ్వ నెత్తిన గంప పెట్టుకుని గట్టు మీదుగా వచ్చింది. హంపన్నను చూసి, గంప దించి, అతని ముందు మోదుగాకులు పరిచింది. ఒక్కొక్కటే ఎనిమిది రాగి ముద్దలు పెట్టింది. పక్కన ఊరుబిండి పచ్చడి, కడవ నిండా మజ్జిగ.

"ఎనిమిది" అంది. "లెక్క చూసుకో. ఒకటీ తగ్గలేదు. తిను."

హంపన్న ఒక ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు.  పక్కకు తిరిగి తాగిన నీళ్ళతో సహా కక్కేశాడు. చేత్తో మూతి తుడుచుకుని ఏడు ముద్దలకేసి, తుంచిన ముద్దకేసి చూశాడు.

"ఎండ ఓర్చుకుంటానంటివి" అంది సిద్దవ్వ. "పస్తు ఓర్చుకుంటానంటివి."

"అవ్వా, రెండూ ఒకేసారి..." అని అతను ఆగిపోయాడు.

ఈ మాట ఇంతకు ముందే విన్నాడు. మఖలో, మఠం మెట్ల మీద, ఈ పక్కనున్న ఆమె నోట. ఆమె చెప్పినప్పుడు తన కడుపు నిండి ఉంది, నీడన కూర్చుని ఉన్నాడు.

హంపన్న తల నేలకు ఆనించాడు. "అవ్వా, నీకు చెప్పనిది ఒకటుంది. మఖలో సుంకమ్మ మఠం బావి నీళ్ళు అడిగింది. ఒక్క తడి. నేను ఇయ్యలేదు."

సిద్దవ్వ మజ్జిగ ముంచబోయిన చెయ్యి కడవ అంచు మీదే ఉండిపోయింది. 

"ఆ పొద్దు బావిలో నీళ్ళెంత?" అంది.

"మూడు నిలువులు."

"ఆవులు ఎంత తాగినాయి?"

హంపన్న తల ఇంకా నేలకే ఆనించి ఉంచాడు.

సిద్దవ్వ నెమ్మదిగా లేచి, సుంకమ్మ ముందు నిలబడి చేతులు జోడించింది. డెబ్బై దాటిన మనిషి తనకు దండం పెట్టేసరికి సుంకమ్మ బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది.

"బావి నాది తల్లీ. తప్పు నాది."

"నువ్వు ఊళ్ళోనే లేవు కదవ్వా. నీ తప్పేముంది?" అంది సుంకమ్మ. "నువ్వు ఉంటే నిన్ను అడిగేదాన్ని. తెలిసినాయన ఉండాడు కదా అని ఆయన్ను అడిగితి" అంది.

ఆ మాటలో విసురు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే.

సిద్దవ్వ ఏడు ముద్దలూ ఆకుల్లో చుట్టి తిప్పమ్మ ఒడిలో పెట్టింది. అప్పుడు తిప్పమ్మ చెప్పింది. మర్నాడు పొద్దున ఇటుకబట్టీల లారీ వస్తోందని, తామిద్దరం ఇంటికి తాళం వేసి పోతున్నామని, మళ్ళీ మృగశిరకు వస్తే వస్తామని. పీకిన చెట్లు ఏం చేస్తారని సిద్దవ్వ అడిగితే, మా ఎనుములు అమ్మేసినాం, మీ ఆవులకు వేసుకోండి, కాయ లేకున్నా మేతకు కట్టె పచ్చగానే ఉంది అంది.

మర్నాడు పొద్దున హంపన్న ఊళ్ళోకి దిగాడు.  గోడలు పట్టుకుని నడిచాడు. లారీ ఊరి మొగన ఆగి ఉంది. ముప్పై ఇళ్ళలో పదకొండు ఇళ్ళవాళ్ళు ఎక్కుతున్నారు. చాపలు, గిన్నెలు, ఒకరి కోడిపెట్ట. వాళ్ళు హంపన్నను చూశారు. ఎవరూ దండం పెట్టలేదు, ఎవరూ ముఖం తిప్పుకోలేదు. సామాను ఎక్కించుకోవడంలో పడ్డారు.

సుంకమ్మ అత్తను చెయ్యి పట్టి పైకి లాగుతోంది. హంపన్న లారీ పక్కన నిలబడి ముఖం పైకెత్తాడు.

"సుంకమ్మా, నన్ను మన్నించు."

ఆమె అత్తను ఒక మూల కూర్చోబెట్టి, మూట సర్ది, అప్పుడు తొంగి చూసింది. "ఇప్పుడదంతా ఎందుకు సామీ?"

"ఇకమీద మఠం బావి నీళ్ళు నీవే. నువ్వు అడగనక్కర కూడా లేదు. ఎన్ని తడులైనా పెట్టుకో. నీకే కాదు, ఊరికంతా చెప్తా."

"సరే సామీ" అంది సుంకమ్మ.

ఆ 'సరే'లో కోపం లేదు. అదే అతను ఓర్చుకోలేకపోయాడు. ఇంకేదో చెప్పాలని లారీ చెక్క పట్టుకున్నాడు. లారీ కదిలింది. చెయ్యి వదిలేశాడు. పొద్దుటి మంచు తడికి దుమ్ము లేవని ఆ బాట మీద లారీ చాలాదూరం దాకా కనిపించింది.

మఠానికి వచ్చేసరికి సిద్దవ్వ ఆవుల ముందు సుంకమ్మ చేని చెట్లు వేస్తోంది. ఆవులు ఆబగా తింటున్నాయి. హంపన్న వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"అవ్వా, సుంకమ్మకు మాట ఇచ్చి వచ్చినాను. ఇకమీద ఎవరు అడిగినా బావి నీళ్ళు కాదనను."

సిద్దవ్వ చేతిలోని చెట్టు వేళ్ళకు అంటిన మట్టిని నెమ్మదిగా దులిపింది.

"మంచి మాటే నాయనా" అంది. "మఖలో పడాల్సింది."